కాలేయం దారి ఇవ్వకపోతే: పోర్టల్ హైపర్‌టెన్షన్ రహస్యాన్ని పరిశోధకులు ఛేదించిన తీరు

కాలేయం గట్టిపడిన రోగి హఠాత్తుగా నెత్తురు కక్కుకుంటే కడుపులో పుండు పడిందనే ఇంటిల్లిపాదీ భావిస్తారు. వేడి చేసిందని మజ్జిగ పట్టించేవారూ లేకపోలేదు. అయితే ఇటువంటి రోగులలో చాలామందికి నెత్తురు పుండు నుంచి రాదు. అన్నవాహిక అడుగుభాగంలో ఉబ్బి ఉన్న ఒక సిర పగలడం వల్ల వస్తుంది. జీర్ణకోశ వ్యాధిలా కనిపించే ఈ ఉపద్రవం నిజానికి రక్తనాళాల వ్యాధి. వైద్యశాస్త్రం దీనిని పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటుంది.

పేరులో హైపర్‌టెన్షన్ అన్న మాట ఉన్నప్పటికీ అందరికీ తెలిసిన బి.పి.తో దీనికి సంబంధం లేదు. చేతికి పట్టీ చుట్టి కొలిచేది ధమనులలోని పీడనం. ఇది ఉదరంలోని ఒక సిరా వ్యవస్థకు మాత్రమే పరిమితమైన పీడనం. చేతి బి.పి. సాధారణం కంటే తక్కువగా ఉన్న రోగిలోనే ఈ లోపలి పీడనం మూడు నాలుగు రెట్లు పెరిగి ఉండవచ్చు. సిర పగిలి రక్తస్రావమైన ప్రతి 100 మందిలో 15 నుంచి 20 మంది ఆరు వారాలలోపే మరణిస్తున్నారని అంచనా. 1980 ప్రాంతంలో ఈ సంఖ్య 40 దాకా ఉండేది. కొత్త ఔషధాలు, పరికరాలు ఈ తగ్గుదలకు కొంత కారణం. నెత్తురు ఎందుకు దారి మళ్లుతోందో అర్థం కావడం అంతకంటే పెద్ద కారణం.

రెండు వడపోతల మధ్య ఒక సిర

శరీరంలోని సిరలు దాదాపు అన్నీ నెత్తురును నేరుగా గుండెకు చేరుస్తాయి. కడుపు, పేగులు, ప్లీహం, క్లోమం నుంచి వచ్చే సిరల మార్గం వేరు. అవన్నీ కలిసి కాలేయ నిర్వాహక సిరగా, అంటే వైద్యుల వాడుకలోని పోర్టల్ వెయిన్‌గా ఏర్పడి ముందు కాలేయంలోకి ప్రవేశిస్తాయి. తిన్న ఆహారంలోని సారం, దానితోపాటు వచ్చే విషపదార్థాలు, సూక్ష్మజీవుల అవశేషాలు అక్కడ వడపోతకు గురైన తరువాతే ఆ నెత్తురు గుండెకు పోతుంది. నిమిషానికి సుమారు ఒకటిన్నర లీటర్ల నెత్తురు కాలేయం గుండా ప్రవహిస్తుంది. అందులో ముప్పాతిక వంతు ఈ సిర తెచ్చేదే.

ఇంత ప్రవాహం ఉన్నా ఆరోగ్యవంతుల కాలేయంలో పీడనం బహు తక్కువ. కాలేయానికి ముందు, తరువాత ఉండే పీడనాల మధ్య తేడా 1 నుంచి 5 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. పొట్ట కోయకుండా ఈ తేడాను కొలిచే మార్గాన్ని 1951లో మైయర్స్, టేలర్ అనే అమెరికా వైద్యులు చూపారు. వారు సన్నని గొట్టాన్ని సిరల గుండా కాలేయపు సిరలోకి పంపి, అది ఇరుక్కుని ఆగిన చోట పీడనాన్ని నమోదు చేశారు. దానిలో నుంచి స్వేచ్ఛగా పారే సిరలోని పీడనాన్ని తీసివేస్తే వచ్చే అంకె నేటికీ ప్రామాణికమే. అది 10 దాటితే ఉబ్బు సిరలు, జలోదరం వంటివి మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. సిర పగలడం సాధారణంగా 12 దాటిన తరువాతే జరుగుతుంది. చికిత్సతో దానిని 12 లోపునకు తెచ్చినా, మొదటి అంకెలో ఐదోవంతు తగ్గించినా రక్తస్రావం ముప్పు గణనీయంగా తగ్గుతుంది.

ఆనకట్ట సిద్ధాంతం, దాని లోపం

తొలినాళ్ల వివరణ తేలికైనది. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, కొవ్వు పేరుకోవడం వంటి కారణాలతో కాలేయమంతా మచ్చకట్టి సిరోసిస్‌గా మారుతుంది. నెత్తురు పారే సన్నని దారులు నొక్కుకుపోతాయి. ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్టు నిర్వాహక సిరలో నెత్తురు నిలిచి, పాత సందుదారులను వెతుక్కుంటుంది. అటువంటి దారులలో అన్నవాహిక, కడుపు కలిసే చోటు ముఖ్యమైనది. అక్కడి చివరి కొద్ది సెంటీమీటర్లలో సిరలు పలుచని లోపొర కిందనే ఉంటాయి. సిర ఎంత వెడల్పుగా, గోడ ఎంత పలుచగా ఉంటే ఆ గోడ మీద ఒత్తిడి అంత ఎక్కువ. బుడగ ఊదేకొద్దీ పలుచబడి పగిలిపోవడం వంటిదే ఇది.

ఈ వివరణ తప్పు కాదు, అసంపూర్ణం. ఆనకట్టకు పక్క కాలువలు తెరిస్తే వెనుక నీటిమట్టం తగ్గాలి. ఈ రోగులలో పక్కదారులు ఎంత విస్తరించినా పీడనం తగ్గడం లేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్టో గ్రోజ్‌మన్ బృందం 1980లలో ఎలుకలలో నిర్వాహక సిరను పాక్షికంగా బిగించి ఈ చిక్కును పరిశీలించింది. సిరను బిగించిన తరువాత పేగుల ధమనులు వెడల్పై, ఆ ప్రాంతానికి చేరే నెత్తురు పెరుగుతున్నట్టు ఆ ప్రయోగాలు చూపాయి. దారి ఇరుకైన కొద్దీ ఎగువ నుంచి వచ్చే వరద కూడా పెరుగుతోందన్నమాట. పీడనం అంటే అడ్డంకిని ప్రవాహంతో హెచ్చించిన ఫలం. అంతవరకు వైద్యులు అడ్డంకినే చూశారు, ప్రవాహాన్ని పట్టించుకోలేదు.

వరద పెరగడానికి ప్రధాన కారణం రక్తనాళాల లోపలి కణాలు తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. రక్తనాళాలను సడలించే సంకేతంగా దీనిని గుర్తించినందుకే 1998 వైద్య నోబెల్ బహుమతి లభించింది. ఈ వ్యాధిలో దాని ప్రవర్తన విచిత్రంగా ఉంటుంది. కాలేయం లోపల అది కొరవడుతుంది. ఫలితంగా అక్కడి స్టెల్లేట్ కణాలు ముడుచుకుని దారులను మరింత ఇరుకు చేస్తాయి. మచ్చ వల్ల కాక ఈ ముడుచుకోవడం వల్ల ఏర్పడే అడ్డంకి మొత్తంలో దాదాపు పావు వంతు నుంచి మూడోవంతు వరకు ఉంటుంది. మందులకు లొంగే భాగం ఇదే. పేగుల ధమనులలో మాత్రం అదే వాయువు అవసరానికి మించి పుడుతుంది. అవసరమైన చోట లేమి, అక్కరలేని చోట మితిమీరడం.

పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. పేగు గోడ బలహీనపడి బ్యాక్టీరియా అంశాలు నెత్తురులోకి జారుతాయి. వాటికి ప్రతిస్పందనగా ధమనులు ఇంకా సడలుతాయి. ఉదరంలో ఇంత నెత్తురు చేరడంతో మిగిలిన శరీరానికి కొరత వచ్చినట్టు మూత్రపిండాలు పొరబడి ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. దానితో ప్రవాహం మరింత పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. పేగు, రక్తనాళం, మూత్రపిండం ఒకదాని వెంట ఒకటి దిగజారే ఈ గొలుసును చూస్తే, జలోదరం ఉన్న రోగికి వైద్యులు ఉప్పు తగ్గించమని అంత గట్టిగా ఎందుకు చెబుతారో బోధపడుతుంది.

గుండె మాత్ర కాలేయానికి

ప్రవాహాన్ని తగ్గించవచ్చన్న ఆలోచనకు చికిత్స రూపం ఇచ్చినవారు ఫ్రాన్స్ వైద్యుడు దిదియే లెబ్రెక్, ఆయన సహచరులు. గుండెనొప్పి కోసం జేమ్స్ బ్లాక్ 1960లలో రూపొందించిన ప్రొప్రనొలాల్ మాత్రను వారు సిరోసిస్ రోగులకు ఇచ్చి చూశారు. గుండె వేగం నాలుగోవంతు తగ్గే మోతాదును ఎంచుకున్నారు. ఒకసారి రక్తస్రావమై కోలుకున్న 74 మందిపై జరిగిన ఆ అధ్యయనం 1981లో వెలువడింది. ఏడాది తరువాత మళ్లీ రక్తస్రావం కానివారు మందు తీసుకున్న వర్గంలో 96 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గంలో 50 శాతం. తరువాతి అధ్యయనాలలో ఇంత పెద్ద తేడా కనిపించకపోయినా దిశ మారలేదు.

ఈ మందు రెండు విధాల పనిచేస్తుంది. గుండె పంపే నెత్తురును తగ్గిస్తుంది, పేగుల ధమనులను కుంచింపజేస్తుంది. రెండో పనికి బీటా-2 గ్రాహకాలను అడ్డుకోవడం అవసరం. బి.పి. కోసం చాలామంది వాడే అటెనొలాల్ ప్రధానంగా బీటా-1 మీదనే పనిచేస్తుంది. అందువల్ల ఒకే కుటుంబానికి చెందిన మందే అయినా ఈ వ్యాధిలో అది సాటిరాదు. తరువాత వచ్చిన కార్వెడిలాల్ కాలేయం లోపలి అడ్డంకిని కూడా కొంత సడలించగలగడంతో నేడు దానికి ప్రాధాన్యం పెరిగింది. ఆస్తమా ఉన్నవారికి, గుండె వేగం లేదా బి.పి. బాగా తక్కువ ఉన్నవారికి ఈ మందులు ప్రమాదకరం కావచ్చు. కనుక ఇవి వైద్యుల పర్యవేక్షణలోనే వాడదగినవి.

రబ్బరు వలయం, జిగురు, స్టెంట్

సిర పగిలిన క్షణంలో మాత్రలు చాలవు. 1939లోనే స్వీడన్ వైద్యులు ఉబ్బిన సిరలోకి గట్టిపరిచే మందును సూదితో ఎక్కించారు. 1950లో సెంగ్‌స్టాకెన్, బ్లేక్‌మోర్ గాలిబుడగ ఉన్న గొట్టంతో సిరను లోపలి నుంచి నొక్కిపట్టే పద్ధతి తెచ్చారు. అత్యవసరంలో ఆ గొట్టం ఇప్పటికీ అక్కరకు వస్తుంది. మొలలకు వలయం బిగించే పాత పద్ధతిని ఎండోస్కోపీకి మలిచి, ఉబ్బిన సిరను పీల్చి దాని మొదట్లో రబ్బరు వలయం వేసే విధానాన్ని అమెరికా శస్త్రవైద్యుడు గ్రెగ్ స్టీగ్‌మన్ రూపొందించారు. ఇదే నేటి ప్రధాన చికిత్స. కడుపు పైభాగంలోని పెద్ద సిరలకు మాత్రం వలయం చాలదు. వాటికి సయనోఅక్రిలేట్ అనే జిగురును ఎక్కిస్తారు. వీటికి లొంగని రోగులకు మెడ సిర గుండా పరికరాలను పంపి కాలేయం మధ్యలో స్టెంటుతో కొత్త దారి వేసే టిప్స్ చికిత్స ఉంది. మనిషికి తొలిసారి ఇది 1988లో జర్మనీలో జరిగింది. వడపోత లేకుండా నెత్తురు దాటిపోవడంతో కొందరిలో స్పృహ మందగించడం దీని మూల్యం.

భారతీయ వైద్యుల కృషి ఈ రంగంలో గణనీయమైనది. ఢిల్లీలోని జి.బి.పంత్ ఆసుపత్రిలో శివకుమార్ సరీన్, ఆయన సహచరులు కడుపులోని ఉబ్బు సిరలను నాలుగు రకాలుగా విభజిస్తూ 1992లో ప్రకటించిన వర్గీకరణను ప్రపంచమంతటా వాడుతున్నారు. ఇంకా రక్తస్రావం కాని రోగులలో వలయాన్ని, ప్రొప్రనొలాల్‌ను పోల్చిన వారి అధ్యయనం 1999లో వచ్చింది. 18 నెలలలో రక్తస్రావం అవకాశం మందు వర్గంలో 43 శాతం, వలయాల వర్గంలో 15 శాతం. మరణాలలో చెప్పుకోదగిన తేడా మాత్రం లేదు. వలయం సిరను మూస్తుందే తప్ప పీడనాన్ని తగ్గించదు.

ఎక్కువ నెత్తురు ఎక్కిస్తే

పోయినంత నెత్తురునూ వెంటనే ఎక్కించాలన్నది బంధువుల సహజమైన ఆరాటం. దీనిని స్పెయిన్‌లోని బార్సిలోనా వైద్యులు 2013లో వెలువడిన అధ్యయనంలో పరీక్షించారు. జీర్ణకోశ రక్తస్రావమైన 921 మందిలో ఒక వర్గానికి హీమోగ్లోబిన్ 7 కంటే తగ్గినప్పుడు, మరో వర్గానికి 9 కంటే తగ్గినప్పుడు నెత్తురు ఎక్కించారు. ఆరు వారాలకు బతికి ఉన్నవారు మొదటి వర్గంలో 95 శాతం, రెండో వర్గంలో 91 శాతం. ఉదారంగా ఎక్కించిన సిరోసిస్ రోగులలో నిర్వాహక సిరలోని పీడనం పెరిగినట్టు కొలతలు చూపాయి. వచ్చే ప్రవాహం పెరిగితే పీడనం పెరుగుతుందన్న సూత్రమే ఇక్కడా కనిపించింది. ప్రాణాపాయ స్థితిలో ఉధృతంగా రక్తస్రావమవుతున్నవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు. వారికి ఈ పరిమితి వర్తించదు.

కాలేయం బాగున్న పిల్లలలోనూ

భారత ఉపఖండంలో ఈ వ్యాధికి మరో ముఖం ఉంది. కాలేయం దాదాపు బాగానే ఉన్నా, నిర్వాహక సిర కాలేయం బయటే గడ్డకట్టి మూసుకుపోయిన పిల్లలు ఉన్నట్టుండి నెత్తురు కక్కుకుంటారు. మన దేశంలో పిల్లలలో పోర్టల్ హైపర్‌టెన్షన్‌కు ఇది ప్రధాన కారణాలలో ఒకటి. పుట్టిన తొలి రోజులలో బొడ్డుకు సోకిన ఇన్ఫెక్షన్ కొందరిలో దీనికి మూలం కావచ్చు. చాలామందిలో కారణమే దొరకదు. ప్లీహం పెరిగి పొట్ట ఎడమవైపు చేతికి తగలడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, ఎదుగుదల మందగించడం గుర్తులు. కాలేయం పనిచేస్తుండడం వల్ల ఈ పిల్లలు సిరోసిస్ రోగుల కంటే రక్తస్రావాన్ని బాగా తట్టుకుంటారు. సకాలంలో వలయాలు వేసినా, శస్త్రచికిత్సతో దారి మళ్లించినా దీర్ఘకాలం జీవిస్తారు.

ప్లేట్‌లెట్లు అనగానే తెలుగు పాఠకులకు డెంగీ గుర్తుకు రావడం సహజం. జ్వరమేమీ లేకుండా నెలల తరబడి ఆ సంఖ్య లక్షన్నర కంటే తక్కువగా ఉంటే పెరిగిన ప్లీహాన్ని, దాని వెనుక కాలేయాన్ని అనుమానించవలసి ఉంటుంది. 2015 నాటి బవేనో అంతర్జాతీయ సదస్సు ఈ సంఖ్యనే ఒక కొలమానంగా తీసుకుంది. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైగా, కాలేయపు గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీలో ఫలితం 20 కిలోపాస్కల్‌ల లోపు ఉన్నవారికి ఎండోస్కోపీని వాయిదా వేయవచ్చని సూచించింది.

సిర పగలకముందే, పొట్టలో నీరు చేరకముందే మందు మొదలుపెడితే ఏమవుతుందన్నది ఇటీవలి ప్రశ్న. స్పెయిన్‌లో 201 మందిపై జరిగి 2019లో వెలువడిన ప్రెడెస్కి అధ్యయనంలో ప్రొప్రనొలాల్ లేదా కార్వెడిలాల్ తీసుకున్నవారిలో 16 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 27 శాతం మందికి వ్యాధి ముదరడమో మరణమో సంభవించింది. ఈ తేడా ప్రధానంగా జలోదరం తగ్గడం వల్లనే వచ్చింది. ఆ అధ్యయనంలో హెపటైటిస్ సి రోగులే అధికం. కొవ్వు కాలేయంతో సిరోసిస్‌కు చేరుతున్నవారి సంఖ్య పెరుగుతున్న నేటి పరిస్థితులలో, అవే ఫలితాలు వారికీ వర్తిస్తాయా అన్నది పరిశోధకుల ముందున్న ప్రశ్న.