జేబు వీడియో కెమేరా

అరచేతిలో ఇముడు పరిమాణమును, సామాన్యగృహస్థునకు అందుబాటులోని వెలయును గలిగి, ఒక్క మీట నొక్కినంతనే కదలెడి దృశ్యమును ధ్వనితో గూడ గ్రహించి తనలో భద్రపఱచుకొను యంత్రము జేబు వీడియో కెమేరా. విపణిలో ఇది స్వతంత్రవస్తువుగా వర్ధిల్లినది సుమారు 2006 మొదలు 2011 వఱకు మాత్రమే. అయినను, చలనచిత్రము తీయుట నిపుణుల వృత్తియే యను భావమును సడలించి, పొలముగట్టున నిలిచిన రైతును, పొదుపుసంఘములోని స్త్రీని చిత్రకర్తలుగా చేయగల మార్గమును చూపినందున, దీని చరిత్ర దీని ఆయుఃప్రమాణమును మించిన ప్రాధాన్యము గలది. దీని గుణదోషములు మన నేలమీద ఎట్లు పరిణమించునో తెలుపుటకు కృష్ణాజిల్లాలోని బాపులపాడు పరిసరములను ఈ వ్యాసమున నిదర్శనముగా గైకొనుట యైనది.

గృహస్థుని చేతికి చలనచిత్రపరికరము నందింపవలెనను యత్నము వీడియోకంటె ప్రాచీనము. ఫ్రాన్సుదేశపు పాథే సంస్థ 1922లో 9.5 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్మును, అమెరికాలోని కోడక్ సంస్థ 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్మును, మరల 1965లో సూపర్ 8 అను దాని సంస్కరింపబడిన రూపమును వెలువరించినవి. ఒక్కొక్క చుట్ట కొలదినిమిషములలోనే ముగిసెడిది. దానిని కడుగుటకు పంపి దినములకొలది నిరీక్షింపవలసి యుండెడిది. బొమ్మ పడినదో లేదో అప్పటికి గాని తెలిసెడిది కాదు. అయస్కాంతపు టేపు వచ్చుటతో ఈ నిరీక్షణ తప్పినది. కెమేరాయు రికార్డరును ఒకే పెట్టెలో నిమిడిన బీటామూవీని సోనీ సంస్థ 1983లో విక్రయింపసాగెను. 1989లో అదే సంస్థ తెచ్చిన సీసీడీ-టీఆర్55 పాస్‌పోర్టు ప్రమాణమున నున్నదని ప్రకటింపబడి, 800 గ్రాములకు లోబడిన తూకముతో వినియోగదారులను ఆకర్షించెను. 1995లో మినీ డీవీ టేపు దృశ్యమును అంకెల రూపమున దాచుటను ఇండ్లలోనికి తెచ్చెను. తెలుగుదేశమున జనసామాన్యము ఈ యంత్రములను మొదట చూచినది పెండ్లిపందిళ్ళలోనే. భుజముపై కెమేరా మోయు వీడియోగ్రాఫరు, అతని వెనుక తీగలను సరిచేయుచు ప్రఖరమైన దీపమును ఎత్తి పట్టుకొని నడచు సహాయకుడు, ఆ వెలుతురునకు కన్నులు చికిలించు వధూవరులు - ఈ దృశ్యము నెఱుగని గ్రామము కోస్తాజిల్లాలలో అరుదు. యంత్రము చిన్నదగుచున్నను దానిని పట్టినవాడు మాత్రము అద్దెకు వచ్చిన నిపుణుడుగనే యుండెను.

జేబు కెమేరాకు సాక్షాత్తు పూర్వరూపము అమెరికాలో పుట్టినది. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జోనథన్ కాప్లాన్ నడపిన ప్యూర్ డిజిటల్ టెక్నాలజీస్ అను సంస్థ, 2005లో సీవీఎస్ మందులదుకాణముల ద్వారా, ఒక్కమాఱు వాడి తిరిగి యిచ్చివేయదగిన వీడియో కెమేరాను సుమారు 30 డాలర్లకు అమ్మెను. ఇరువది నిమిషముల చిత్రము తీసికొన్నవాడు యంత్రమును దుకాణమునకే అప్పగించి, మఱికొంత రుసుము చెల్లించి డీవీడీని పొందవలెను. కొందఱు కుతూహలపరులు తామే తీగలు కూర్చి ఆ యంత్రమును కంప్యూటరునకు తగిలించి, దుకాణమునకు పోకయే చిత్రములను దింపుకొనసాగిరి. జనులు యంత్రమును తమదిగా నుంచుకొనగోరుచున్నారని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? మఱుసటి సంవత్సరము ఆ సంస్థ సొంతముగా ఉంచుకొనదగిన యంత్రమునే విపణికి తెచ్చెను. 2007లో దానికి ఫ్లిప్ అను పేరు స్థిరపడెను. 2005లో యూట్యూబు వెలయుటతో, తీసిన చిత్రమును పదిమందికి చూపు వేదికయు అప్పటికే సిద్ధమై యుండెను.

2007 సెప్టెంబరులో వచ్చిన ఫ్లిప్ అల్ట్రాను ఈ జాతికి ప్రతినిధిగా గ్రహింపవచ్చును. దాని వెనుకభాగమున ఒకటిన్నర అంగుళముల తెర, తెర క్రింద నడుమ పెద్ద ఎఱ్ఱని మీట. బొటనవ్రేలితో ఆ మీట నొక్కిన చిత్రణ మొదలగును, మరల నొక్కిన నిలిచిపోవును. ప్రక్కనున్న చిన్న మీటను జరిపినంతనే లోపలినుండి యూఎస్‌బీ మొన ఎగిరి బయటికి వచ్చును. దానిని కంప్యూటరునకు నేరుగా గ్రుచ్చవచ్చును, వేఱు తీగతో పనిలేదు. చిత్రములను చూచుటకును కత్తిరించుటకును కావలసిన సాఫ్ట్‌వేరు యంత్రపు స్మృతిలోనే యుండును. 640 అడ్డము, 480 నిలువు బిందువులతో, సెకనుకు 30 చిత్రముల చొప్పున, రెండు గిగాబైట్లలో ఒక గంట నిడివి పట్టును. 2008లో వెలువడిన మినో మఱింత పలుచనిది. అదే సంవత్సరాంతమున వచ్చిన మినో హెచ్‌డీ 1280 అడ్డము, 720 నిలువు బిందువుల స్ఫుటత్వమును సాధించెను.

దీని సుగుణములలో ప్రథమగణ్యమైనది నిరాడంబరత. ఎంచుకొనవలసిన అమరిక లేవియు లేనందున నేర్చుకొనవలసినదియు లేదు. అక్షరాస్యత లేనివారు సైతము ఒక పూటలో అలవఱచుకొనగలరు. రెండవది వెల: 200 డాలర్లలోపు, అనగా నాటి మారకము ననుసరించి పదివేల రూపాయలలోపు. అల్ట్రా రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడచునది గనుక, విద్యుత్తు పోయిన పల్లెలో గూడ కిరాణాకొట్టు ఆధారముగా పని సాగింపవచ్చును. ఇది మన ప్రాంతమునకు సామాన్యమైన మేలు కాదు. వీనికి మించి, దీని యెదుట మనుష్యులు బెదరరు. పెద్ద కెమేరా ముందు బిగుసుకొని పుస్తకభాష మాటలాడెడి రైతు, చేతిసంచిలోనుండి తీసిన ఈ చిన్నవస్తువు ముందు ఇంటివారితో మాటలాడినట్లే మాటలాడును. వ్యవసాయచిత్రమునకు ఈ సహజత్వము ప్రాణప్రాయము.

దోషములను తెలిసికొనుటకు బాపులపాడు చక్కని పరీక్షాస్థలము. జాతీయరహదారిపై హనుమాన్ జంక్షన్ గల ఈ మండలమునుండి ఉత్తరముగా పోవు బాట నూజివీడు మెరకలలోని మామిడితోటలకును, దక్షిణముగా పోవు బాట గుడివాడ దిక్కున డెల్టాలోని వరిచేలకును చేరును. తోటలలో బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరు కాయలు ప్రధానములు. వేసవిలో కోత సాగుచున్న చెట్టు క్రింద ఈ కెమేరా పట్టుకొని నిలిచినవానికి మొదట ఎదురగునది వెలుతురు చిక్కు. దట్టమైన కొమ్మల నీడలో రైతుముఖము, ఆకుల సందులనుండి మండుచున్న ఆకాశము. యంత్రము తనంతట తానే వెలుతురును సరిచూచుకొనును గాని, ఆకాశమును లెక్కించి ముఖమును నల్లబఱచును. సరిదిద్దుటకు మీట లేదు. రైతునే తిప్పి నిలుపవలెను. చిక్కము కట్టిన పొడుగాటి గెడతో కాయను దింపునప్పుడు, చిత్రగ్రాహకుడు గెడ వెంబడి కెమేరాను వేగముగా త్రిప్పినచో, నిట్టనిలువు బోదెలు ప్రక్కకు ఒరగినట్లు కనబడును. సంవేదకము దృశ్యమును ఒక్కసారిగా గాక వరుసవెంట వరుసగా గ్రహించుటయే దీనికి హేతువు. తేలికయగు యంత్రము గనుక చేతివణకు ఉన్నదున్నట్లు బొమ్మలోనికి వచ్చును. మైకు లోపలనే బిగింపబడినది, వేఱొక మైకును తగిలించు రంధ్రము లేదు. తోటలో గాలి వీచినచో మాటకంటె హోరే మిన్నగా వినబడును.

అన్నిటికంటె పెద్దలోపము కటకము స్థిరమగుట. దూరదృశ్యములకును మనిషి నిలువెత్తు బొమ్మకును సరిపోవునట్లు కర్మాగారముననే బిగించిన ఆ కటకము, చేయిచాపు దూరముకంటె దగ్గఱ నున్న వస్తువును మసకగా చూపును. మామిడిరైతు చూడగోరునదియో అతిసూక్ష్మము. పూతదశలో తేనెమంచు పురుగు పూగుత్తుల రసమును పీల్చి జిగటను విసర్జింప, ఆ జిగటపై నల్లని మసి పెరిగి, పూత మాడిపోవును. కొలదిమిల్లీమీటర్ల ఆ పురుగును ఈ కెమేరా చూపజాలదు. భూతద్దమును కటకమునకు ఎదురుగా పట్టి ఈ లోపమును కొంత పూరింపవచ్చును గాని, అప్పుడు దూరము మసకబాఱును. దీనికి భిన్నముగా చేతిపనిని చూపవలసినచోట యంత్రము చక్కగా ఉపకరించును. కాయను తొడిమ కొంత మిగులునట్లు ఏల కోయవలెనో, తొడిమ విఱిగినచోట చిమ్మిన సొన తొక్కపై పడి నల్లని మచ్చయై ధరను ఎట్లు తగ్గించునో, కాయలను తొడిమ క్రిందుగా నిలిపి సొన ఎట్లు కార్చవలెనో, పండుఈగను పట్టుటకు ఖాళీ ప్లాస్టిక్ సీసాలో మిథైల్ యూజినాల్ ఎరను ఎట్లు అమర్చవలెనో - ఇవన్నియు నాలుగడుగుల దూరమునుండి స్పష్టముగా తీయదగినవి. కరపత్రము పదిపంక్తులలో చెప్పలేనిదానిని ఒక్క నిమిషములో చూపదగినవి.

వ్యవసాయమునకు చలనచిత్రమును వినియోగించుట తెలుగునాట క్రొత్త గాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు సాగిన ఉపగ్రహ టెలివిజన్ బోధనప్రయోగమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారము లందినవి. వానిలో ఆంధ్రప్రదేశము నొకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమును, 1995లో ప్రారంభమైన ఈటీవీలో 'అన్నదాత' కార్యక్రమమును ఆ మార్గమును విస్తరింపజేసినవి. ఇవి యెంతో మేలు చేసినను, మాట పైనుండి క్రిందికి వచ్చునదియే. చూచువారికి చూపు అధికారము లేదు. ఈ క్రమమును మార్చినవారిలో అగ్రగణ్యులు జహీరాబాదు సమీపమున పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళితస్త్రీలు. కెమేరా వాడుకలో శిక్షణ పొందిన ఆ కృషీవలస్త్రీల కమ్యూనిటీ మీడియా ట్రస్టు 2001 అక్టోబరులో వెలసినది. వరంగల్లు ప్రాంతపు బీటీ పత్తిరైతుల గోడును వారు తీసిన చిత్రములు దేశాంతరములలో ప్రదర్శింపబడినవి. కంటికి సమమైన ఎత్తున కెమేరా నుంచి తీయు దృశ్యమునకు, సంఘములో అందఱును సమానులు గనుక, వారు 'సంఘం షాట్' అని పేరిడుకొనిరి. వారి కెమేరాలు జేబులో ఇముడునవి గావు; అయినను జేబు కెమేరా తరువాత సులభతర మొనర్చిన కార్యమును వారు ముందే, కష్టతరమైన పరికరముతో సాధించిరనుట వారికి చెల్లవలసిన గౌరవము.

2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో రికిన్ గాంధీ మొదలైనవారు ఆరంభించిన డిజిటల్ గ్రీన్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన కొలతను చేకూర్చెను. కర్ణాటకములో 16 గ్రామములు, 1,470 కుటుంబములతో పదమూడునెలలు సాగిన ప్రయోగమున, స్థానికరైతులతోనే చిత్రములు తీసి, ఊరిలోని మధ్యవర్తి ద్వారా ప్రదర్శించినప్పుడు, సంప్రదాయవిస్తరణపద్ధతితో పోల్చగా కొన్ని సాగుపద్ధతులను అవలంబించినవారు ఏడురెట్లైరి. చిత్రము చూచినవారు మొదట అడిగెడి ప్రశ్న, ఆ రైతు పేరేమి, ఏ యూరివాడు అనునది. తెరమీది మనిషి తమవంటివాడే యని తేలినపిదప గాని వారు పద్ధతిని గూర్చి యోచింపలేదు. ఈ ఫలితమును కెమేరా ఖాతాలో మాత్రమే వ్రాయుట న్యాయము గాదు. చిత్రమును నడుమ నడుమ ఆపి, చూచినదేమని ప్రశ్నించి, వారమువారము అదే బృందమును కూర్చుండబెట్టిన మధ్యవర్తిది అందు సగపాలు. 2008లో స్వతంత్రసంస్థయైన డిజిటల్ గ్రీన్ పిమ్మట ఆంధ్రప్రదేశమున గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థతోను, ప్రకృతిసేద్యవిషయమున రైతు సాధికార సంస్థతోను కలిసి పనిచేసినది. జేబు వీడియో కెమేరాయు, బ్యాటరీతో నడచు చిన్న ప్రొజెక్టరును ఆ పద్ధతికి ముఖ్యపరికరములైనవి. సంఘము కూడినచోట ఒక సున్నపుగోడ యున్న చాలును.

అమెరికావిపణిలో ఫ్లిప్ విజయమును జూచి క్రియేటివ్ వాడో, సోనీ బ్లాగీ మున్నగునవి బయలుదేఱినవి. వీనిలో 2009 నాటి కోడక్ జీఐ8 గుణవత్తరమని చెప్పవలెను. బయటి మైకునకు రంధ్రము, మార్చదగిన స్మృతికార్డు, దగ్గఱి వస్తువులకు వేఱు అమరిక - వీనితో పైన పేర్కొన్న లోపములలో రెండింటిని అది తీర్చినది. 2009 మార్చిలో సిస్కో సంస్థ ప్యూర్ డిజిటల్‌ను 59 కోట్ల డాలర్ల విలువ గల వాటాలకు కొనుచున్నట్లు ప్రకటించెను. ఆ జూనులోనే వీడియో తీయగల ఐఫోన్ 3జీఎస్ వచ్చెను. 2011 ఏప్రిల్ 12న సిస్కో ఫ్లిప్ వ్యాపారమునే మూసివేయుచున్నట్లు తెలిపెను. సుమారు 550 మంది ఉద్యోగములు పోయినవి. 2012 ఫిబ్రవరిలో కోడక్ సైతము జేబు వీడియో కెమేరాలను విరమించుకొనెను.

నేడు హనుమాన్ జంక్షన్‌లో ఏ దుకాణమున కొన్న స్మార్ట్‌ఫోనైనను అల్ట్రాకంటె స్ఫుటముగా చిత్రించును, తేనెమంచు పురుగును దగ్గఱగా చూపును, 2016 తరువాత చౌకయైన డేటా మూలమున క్షణములో పంపును. కాని ఫోను ఒక మనిషి సొత్తు. అందు ఇంటిముచ్చట్లు, డబ్బు లావాదేవీలు ఉండును గనుక చేతులు మాఱదు. సంఘపు జేబు కెమేరా పుస్తకములతోబాటు పెట్టెలో నుండి, ఈ వారము ఒకరికి, వచ్చు వారము వేఱొకరికి ఇయ్యదగినది. సొంత ఫోను లేని స్త్రీకి సైతము చిత్రము తీయు వంతు దానివలన దక్కెడిది. ఈ లాభమును ఫోను పూరింపలేదు.

పాత యంత్రములు నేటికిని కొన్నిచోట్ల మిగిలియున్నవి. మినోలో బ్యాటరీ లోపలనే బిగింపబడినందున కాలక్రమమున శక్తిహీనమగును. పెన్సిల్ బ్యాటరీల అల్ట్రా ఇప్పటికిని పనిచేయవచ్చును. ఫ్లిప్ సాఫ్ట్‌వేరునకు నిర్వహణ నిలిచిపోయినను, యంత్రమును కంప్యూటరునకు గ్రుచ్చినచో పెన్‌డ్రైవువలె తెఱచుకొని, అందలి చిత్రములను నేరుగా నకలు చేసికొనవచ్చును. ఊరి రైతులు తీసిన సాగుచిత్రములను ముందుగా నకలు తీయింపవలెను. వానికి రెండవప్రతి సాధారణముగా ఎక్కడను లేదు.