మహిళా మండలికి పిల్లలతో ఏం పని?

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ‘వాసవ్య మహిళా మండలి’ బోర్డు చూసి, ఇదేదో కుట్టుమిషన్ల శిక్షణ వ్యవహారం అనుకుని ముందుకు పోయేవాళ్ళే ఎక్కువ. కుట్టుమిషన్ల మాటా నిజమే. కానీ యాభై ఏళ్ళు దాటిన ఆ సంస్థ పనిలో పెద్ద వాటా పిల్లలది. తల్లీతండ్రీ ఎయిడ్స్‌తో పోయిన పిల్లలు, బడి మానేసిన పిల్లలు, ఈడు రాకుండానే పెళ్ళిపీటల మీదికి నడిపించబోయిన ఆడపిల్లలు. మరి పేరేమో మహిళలది, పనేమో పిల్లలదా? దీనికి జవాబు కావాలంటే బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని మా వైపు, దిగువ డెల్టాకు రావాలి.

కూచిపూడి నుంచి పామర్రు మీదుగా ఉయ్యూరు వెళ్తే ఆ దాపునే ముదునూరు. చుట్టూ వరి, చెరకు. 1940 ఆగస్టులో ఒక కాలేజీ మేష్టారు పెళ్ళాంబిడ్డలతో ఈ ఊరు వచ్చి పాక వేసుకున్నారు. పేరు గోపరాజు రామచంద్రరావు. లోకానికి గోరా. గంజాం జిల్లా ఛత్రపురంలో 1902లో పుట్టిన బ్రాహ్మణుడు, వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. దేవుడి గురించి రాసిన వ్యాసం పుణ్యమా అని 1933లో కాకినాడ పీఆర్ కాలేజీలో కొలువు పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరితే అక్కడా 1939తో సరి. రెండోసారి కూడా గొడవ నాస్తికత్వం దగ్గరే. ఇంటినిండా పిల్లలు, చేతిలో జీతం లేదు. అలాంటప్పుడు ముదునూరు వాళ్ళు మా ఊరు రమ్మని పిలిచారు. ఊళ్ళో రాత్రి బడి పెట్టారు, పెద్దలకు అక్షరాలు నేర్పారు, ఆ పాకకే నాస్తిక కేంద్రం అని పేరు పెట్టారు.

గోరా గారి గురించి పుస్తకాలు చాలానే వచ్చాయి. నాకు మాత్రం ఈ కథలో అసలు మనిషి ఆయన భార్య సరస్వతి గారు. 1922లో పదేళ్ళ పిల్లగా పెళ్ళయిన ఇల్లాలు ఆవిడ. ఆయన చెప్పిన ప్రతి మాటనూ ముందు తన ఒంటి మీద, తన బిడ్డల మీద పరీక్షించి చూసింది ఆవిడే.

గ్రహణం సంగతే తీసుకోండి. అప్పట్లో గ్రహణమంటే కడుపుతో ఉన్న మనిషికి ఖైదు. తలుపులు బిగించి, సందులో నుంచి వెలుతురు కూడా పడకుండా గుడ్డలు కుక్కి, చాప మీద కదలకుండా పడుకోబెట్టేవాళ్ళు. పక్కకు తిరిగినా, గోక్కున్నా, కత్తిపీట ముట్టుకున్నా బిడ్డ గ్రహణం మొర్రితో పుడుతుందని భయం. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. టీవీ జ్యోతిష్యులు పోనిస్తేగా! సరస్వతి గారు నిండు గర్భిణిగా గ్రహణం చూశారు. ఏమీ కాలేదు, బిడ్డ పండులా పుట్టింది. ముదునూరులో మిగతా గర్భిణులను కూడా బయటికి వచ్చి చూడమన్నారు. గోరా గారి ఉపన్యాసం ఎంతమంది బుర్రకెక్కిందో చెప్పలేం గానీ, గ్రహణం చూసిన తల్లి చంటిబిడ్డను చంకనేసుకుని వీధిన పోతుంటే ఆ బిడ్డ పెదవి వంక చూడకుండా ఉండే ఆడవాళ్ళు ఉంటారా? వాసవ్య కథ నా లెక్కలో ఇక్కడే మొదలైంది. సంస్థ పుట్టడానికి ఇంకా ముప్పై ఏళ్ళ వ్యవధి ఉంది. పిల్లల బాగు కోసం ముందు తల్లి మనసులో భయం తియ్యాలని ఆ ఇంట్లో వాళ్ళకు తెలిసింది మాత్రం అప్పుడే.

పౌర్ణమి రాత్రుల్లో ఆ పాకల దగ్గర సహపంక్తి భోజనాలు నడిచేవి. అన్ని కులాల వాళ్ళూ ఒకే వరసలో కూర్చుని తినడం. ఈ రోజు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. మంచినీళ్ళ చెరువులో రేవులు సైతం కులాల వారీగా ఉన్న కాలంలో, ఆ విస్తరి ముందు కూర్చోవడానికి గుండె ధైర్యం కావాలి. గోరా దంపతుల పిల్లలు ఆ వరసలోనే అన్నం తిని పెరిగారు.

తొమ్మిది మంది పిల్లలు. వాళ్ళ పేర్లు వింటే చరిత్ర పుస్తకం విషయసూచిక చదివినట్టుంటుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చిన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం దగ్గరికి వచ్చేసరికి హిందీ అంకెనే పేరు చేశారు, నౌ అని. (స్వాతి వారపత్రిక చదివే ఇళ్ళల్లో డాక్టర్ సమరం గారిని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. పెద్దవాళ్ళ కంట పడకుండా ఆయన పేజీ చదివిన కుర్రాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు.) క్విట్ ఇండియా ఉద్యమంలో సరస్వతి గారు జైలుకు వెళ్తూ చిన్నబిడ్డ నియంతను ఎత్తుకునే వెళ్ళారు. బిడ్డను ఎవరికో అప్పజెప్పి దేశసేవకు పోవడం ఆవిడ పద్ధతి కాదు.

ఇక పెళ్ళిళ్ళు. పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలనుకున్నప్పుడు గోరా గారు ఆ సంగతి గాంధీజీకి చెప్పారు. సేవాగ్రామ్ ఆశ్రమంలో తానే జరిపిస్తానని ఆయన ఒప్పుకున్నారు. నాస్తికుల ఇంటి పెళ్ళి కాబట్టి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు వాడటానికీ సరేనన్నారు. తీరా 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. అయినా మాట తప్పకుండా ఆ ఏడాది మార్చి 13న సేవాగ్రామ్‌లోనే పెళ్ళి జరిగింది. మరో అమ్మాయి విద్యది 1950లో చెన్నుపాటి శేషగిరిరావుతో కులాంతర వివాహం. లవణం 1960లో హేమలతను చేసుకున్నారు. ఆవిడ మహాకవి గుర్రం జాషువా కూతురు. ఈ పెళ్ళిళ్ళన్నీ ఏకరువు పెట్టడానికి కారణం ఉంది. తర్వాత రోజుల్లో పిల్లల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగినవాళ్ళు జీతానికి కుదిరిన ఉద్యోగులు కారు, ఈ కూతుళ్ళూ కోడళ్ళే. కులం పట్టింపు గురించి ఊరివాళ్ళకు చెప్పడానికి వీళ్ళకు ఉపన్యాసం అక్కర్లేదు, సొంత ఇల్లే చాలు.

1947లో కాపురం విజయవాడ పటమటకు మారింది. 1969లో తల్లీతండ్రులతో కలిసి విద్య, మనోరమ వాసవ్య మహిళా మండలి పెట్టారు. వాస్తవికత, సాంఘిక దృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల ముక్కలు కలిపితే వచ్చిన పేరు వాసవ్య. మొగుడు వదిలేసిన ఆడవాళ్ళకు, చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్ళకు ఏదో ఒక పని నేర్పడం, భార్యాభర్తల తగాదాలు కూర్చుని వినడం. ఇదీ మొదటి పని. అయితే ఆఫీసు మెట్లెక్కే ఆడమనిషి ఒంటరిగా రాదు కదా. చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు. పిల్లల సంగతి తేల్చకుండా తల్లి సంగతి తేలదు. పిల్లల పని అలా వచ్చి చేరింది. గోరా గారు 1975 జులై 26న విజయవాడలో సభావేదిక మీద మాట్లాడుతూనే కన్నుమూశారు.

రెండేళ్ళు దాటగానే ఉప్పెన. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం దివిసీమ మీదికి నడిచొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరప్రాంత పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్కే సుమారు పదివేల మంది చనిపోయారని. నాస్తిక కేంద్రం కార్యకర్తలు సహాయానికి దిగారు. గోరా భావాలతో పుట్టిన ఆర్థిక సమతా మండలి కూడా ఈ సీమలో పనిచేసింది. ఘంటసాల మండలం శ్రీకాకుళం దాని స్థావరం. ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న ఊళ్ళో నాస్తికుడి శిష్యుల సంస్థ! దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

ఉప్పెన తర్వాత దేశవిదేశాల నుంచి సాయం వచ్చింది. పక్కా ఇళ్ళు లేచాయి, తుఫాను షెల్టర్లు వచ్చాయి. దాతల మనసు ఎప్పుడూ కట్టడాల మీదికే పోతుంది. గోడ ఉంటే దాని మీద పేరు రాసుకోవచ్చు. అనాథ పిల్లవాడిని చూడగానే మనకు ముందు తోచేది కూడా నాలుగు గోడలే: ఒక హోమ్ కట్టించి అందులో చేర్చేద్దాం అని. అలాంటి హోములు అవసరమైన పిల్లలు ఉన్నారు, కాదనను. కానీ అది మొదటి జవాబు కాకూడదు.

ఎందుకో చెప్పే ముందు, ఈ కుటుంబం చేసిన తక్కిన పనులు ఒక్క మాటలో చెప్పాలంటే: విద్య 1980లో, 1989లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. హేమలతా లవణం స్టువర్టుపురంలో నేరస్తులుగా ముద్రపడ్డ కుటుంబాల మధ్య, తర్వాత నిజామాబాద్ జిల్లాలో దేవుడి పేరు చెప్పి ఊరికి వదిలేసిన జోగినుల మధ్య పనిచేశారు. వర్నిలో ‘చెల్లి నిలయం’ ఆవిడ చలవే. 1986లో అంతర్జాతీయ మానవవాద సంఘం తన పురస్కారాన్ని నాస్తిక కేంద్రానికి ఇచ్చింది.

నాలుగు గోడల లెక్కను అసలు తలకిందులు చేసింది ఎయిడ్స్. 1990ల చివరికి కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా హైవే వెంబడి, ఆ జబ్బు లేని మండలం లేదన్నట్టు తయారైంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో గానీ మొదలు కాలేదు. ఆ లోపల ఎన్నో ఇళ్ళల్లో వరస ఒకటే: ముందు తండ్రి, కొన్నాళ్ళకు తల్లి. మిగిలింది అమ్మమ్మో నాయనమ్మో, ఇద్దరు ముగ్గురు పసివాళ్ళు. వాళ్ళందరినీ పెట్టడానికి హోములెక్కడ? పెట్టినా, ఎయిడ్స్ పిల్లల హోమ్ అని ఊరంతా వేలెత్తి చూపించే చోట ఆ పిల్లలు ఎలా పెరుగుతారు?

2000 ప్రాంతంలో వాసవ్య వాళ్ళు ఇండియా హెచ్‌ఐవీ ఎయిడ్స్ అలయన్స్‌తో కలిసి ఇంటి దగ్గరే సంరక్షణ పద్ధతి చేపట్టారు. దగ్గర నుంచి చూస్తే ఇలాంటి పనిలో ఆర్భాటం ఏమీ ఉండదు. చేతిసంచితో ఒక కార్యకర్త వస్తుంది. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతుంది. ఆ ఇంట్లో గ్లాసు ముట్టుకోవడమే సగం వైద్యం, ఎందుకంటే ఇరుగుపొరుగు చూస్తున్నారు. తర్వాత మందు డబ్బా మూత తీసి మాత్రలు లెక్కపెడుతుంది. ఉండాల్సిన వాటికన్నా ఎక్కువ మిగిలాయంటే పిల్లవాడు మింగడం ఎగ్గొడుతున్నట్టే. అమ్మమ్మకు అక్షరాలు రాకపోతే పొద్దుటి మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు బొమ్మ గీసి చూపిస్తుంది. బడిలో మేష్టారు వాడిని విడిగా కూర్చోబెడుతున్నాడా? తండ్రి పేరున ఉన్న అరెకరం బాబాయిల పాలు కాకుండా ఉందా? రేషన్ కార్డులో పిల్లల పేర్లున్నాయా? ఇవన్నీ ఆరా తీయాలి. మందు బిళ్ళ ఎంత ముఖ్యమో, ఈ కాగితాలూ అంతే ముఖ్యం.

కూతురినీ అల్లుడినీ మట్టి చేసి వచ్చిన ముసలమ్మ మళ్ళీ అరవై ఏళ్ళకు పాలసీసా పట్టుకోవాలి. ఆవిడ ఏడుపు ఎవరు వింటారు? అందుకే అలాంటి అమ్మమ్మలను, నాయనమ్మలను ఒకచోట చేర్చి సంఘాలుగా కూర్చోబెట్టారు. ఈ కుటుంబం చేసిన ఆవిష్కరణ ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. పిల్లవాడిని ఇంట్లోంచి తీసుకెళ్ళి సాకడం కన్నా, వాడిని సాకుతున్న ఆడమనిషిని నిలబెట్టడం. ముదునూరులో గ్రహణం నాడు చేసినదీ ఇదే పని. పేరులో మహిళలు, పనిలో పిల్లలు ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

సేవాసంస్థ ఒకే కుటుంబం చేతిలో తరతరాలుగా ఉందంటే అనుమానంగా చూడటం మన అలవాటు. చందాల డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోయిన సంస్థలు మనకు తెలియనివి కావు, కాబట్టి లెక్కలు అడగడం తప్పేమీ కాదు. కానీ వారసత్వం అన్న మాట వినగానే మొహం చిట్లించే హక్కు మా కూచిపూడి వాళ్ళకు లేదు. వేదాంతం, చింతా, పసుమర్తి, వెంపటి వారి ఇళ్ళల్లో భామాకలాపం తండ్రి నుంచి కొడుక్కి రాకపోతే కూచిపూడి అన్న పేరు ఎవరికి తెలిసేది? కాకపోతే ఒక తేడా. మా దగ్గర శతాబ్దాల పాటు సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టారు, ఆడవాళ్ళు గడప లోపలే ఉండిపోయారు. గోరా గారింట్లో ఆ వారసత్వం కూతుళ్ళ చేతికి వెళ్ళింది. సరస్వతి గారు 2006లో పోయారు. విద్య 2018 ఆగస్టులో పోయారు. సంస్థ పగ్గాలు ఇప్పుడు విద్య గారి అమ్మాయి డాక్టర్ బొల్లినేని కీర్తి చేతిలో ఉన్నాయి.

పుట్టినరోజుకు అనాథాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించే మంచి అలవాటు మన ఊళ్ళల్లో పెరిగింది. ఆ పని మానమనను. దానితో పాటు ఇంకొకటి చెయ్యండి. మీ వీధిలో తల్లీతండ్రీ లేని మనవలను సాకుతున్న ముసలమ్మ ఎవరైనా ఉంటే, ఆవిడకు కేంద్ర ప్రభుత్వ పథకం ‘మిషన్ వాత్సల్య’ సంగతి చెప్పండి. అనాథలై బంధువుల ఇంట పెరుగుతున్న పిల్లలకు, తల్లి వితంతువైన పిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్న పిల్లలకు స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, మనకైతే బందరులో. కాగితాలు నింపడం ఆవిడకు రాదు. అది మీరు చేసిపెట్టండి.