నవ్వింది ఎవరు?

కొసమెరుపు అనగానే మన విమర్శకులు కొందరు పెదవి విరుస్తారు. అది గారడీ అనీ, జీవితం అలా మలుపు తిరగదనీ వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణను చరిత్ర ముందు నిలిపి చూద్దాం.

అమెరికాలో ఓ. హెన్రీ, ఆంధ్రదేశంలో గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరులో పదిరోజుల తేడాతో పుట్టారు. బ్యాంకు సొమ్ము కేసులో మూడేళ్లు జైలులో గడిపిన ఓ. హెన్రీ, తర్వాత న్యూయార్కు నగరంలోని చిరుద్యోగుల బతుకులను కథలుగా రాశాడు. 1905లో వెలువడిన ఆయన కథలో భార్య తన జుట్టు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది. భర్త ఆ గడియారమే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొంటాడు. ఓ. హెన్రీ 1910 జూన్‌లో చనిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో గురజాడ 'దిద్దుబాటు' అచ్చయింది.

అదే తొలి తెలుగు కథ అని చాలాకాలం చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది కనుక ఆ మాట ఇక చెల్లదు. అయినా 'దిద్దుబాటు' విలువకు వచ్చిన లోటేమీ లేదు.

సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్లిపోయిందనుకుని అతను పశ్చాత్తాపంతో కుంగిపోతాడు. చివరికి మంచం కింద నుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. ఓ. హెన్రీ కథలో నవ్వేది విధి. ఇక్కడ నవ్వేది కమలిని. ఈ మలుపు కాకతాళీయం కాదు, చదువుకున్న స్త్రీ తానై పన్నిన పన్నాగం. సంస్కరణ ఉపన్యాసాల్లో స్త్రీ ఉద్ధరింపబడే వస్తువు. ఈ కథలో ఆమే దిద్దేది, పురుషుడే దిద్దబడేది. ఇది గారడీ ఎలా అవుతుంది?

కాని ఒక లెక్క మిగిలిపోయింది. ఆ రాత్రి గోపాలరావు కోపం పట్టలేక నౌకరు రాముడి వీపుమీద గుద్దులు వేస్తాడు. వెంటనే జాలిపడి లేవనెత్తుతాడు. భార్యపట్ల చేసిన తప్పుకు దిద్దుబాటు ఉంది, నౌకరు తిన్న దెబ్బకు జాలి తప్ప వేరే దిద్దుబాటు లేదు. పాఠకులం కూడా ఆ గుద్దులకు నవ్వి ముందుకు సాగిపోతాం.

యాలాల్ వంటి ఊళ్లలో చదివేవారు అలా సాగిపోలేరు. తాండూరు ప్రాంతం 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉండేది. దొర కోపం, వెట్టివాడి వీపు తెలంగాణ పల్లె మరువని సంగతులు. విజయనగరం వారికి దూరం కావచ్చు గాని, రాముడు దూరం కాడు.

కమలిని నవ్వును మనకిచ్చినందుకు గురజాడకు రుణపడి ఉన్నాం. రాముడి నవ్వుతో ముగిసే కథలు రాయడమే ఆ రుణం తీర్చుకునే దారి.