చందా అంటే ఎంత?

‘చందా’ ఫారసీ మాట. మూలం ‘చంద్’. ఆ భాషలో దానికి ‘ఎంత, ఎన్ని’ అనే ప్రశ్నార్థం ఉంది, ‘కొన్ని’ అనే జవాబూ ఉంది. ఉర్దూలో ‘చంద్ లోగ్’ అంటే కొందరు. ఆ కొందరు కొంత కొంత వేసుకోగా పోగైన సొమ్ము చందా అయింది. సంస్కృతంలో ‘కతి’, ‘కియత్’ అని అడిగే ప్రశ్నపదాలు దీనికి దూరపు దాయాదులు.

తెలుగు ‘చందము’తో మాత్రం చుట్టరికం లేదు, అది సంస్కృత ‘ఛంద’ సంతతి. చందమామదీ వేరే వంశమే. అయినా 1947 జులైలో ఆ పేరుతో పత్రిక వచ్చాక, చందమామనూ చందానూ ఒక్క ఊపిరిలో పలికిన పిల్లలెందరో!

ఈ మాట ఎల్లలు కూడా దాటింది. బొగ్గుగనుల కొత్తగూడెం ఒకప్పుడు నిజాం సీమలోది. గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోది. ఏలికలు వేరైనా చందా అటూ ఇటూ ఒకటే. బొగ్గుగనుల ఊళ్లలో దానికి పనెక్కువ: వినాయకుడి చందా, సమ్మె చందా, యూనియన్ చందా, పార్టీ పత్రిక చందా. అడవి అంచు వార్తల్లో బెదిరించి గుంజిన డబ్బుకు కూడా ఇదే పేరు. ఇష్టపడి ఇచ్చినదానికీ భయపడి ఇచ్చినదానికీ ఒకే మాట చెల్లడం నాకు నచ్చదు.

చందా వెంట నడిచే మాటలు రెండున్నాయి. ‘వసూలు’ అరబ్బీ, అర్థం చేరుకోవడం. ‘రసీదు’ ఫారసీ, అర్థం చేరింది. ఎంతమంది? చేరుతోందా? చేరింది. పత్రిక నడిపేవాడికి కావలసిన లెక్కంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. ‘ప్రజాశక్తి’ 1942లో వారపత్రికగా మొదలైంది, ‘విశాలాంధ్ర’ దినపత్రిక 1952లో. ఇలాంటి కమ్యూనిస్టు పార్టీ పత్రికలకు చందా అంటే డబ్బొక్కటే కాదు. చందాపుస్తకం పట్టుకుని వెళ్లిన కార్యకర్త ఎవరు కట్టారో, ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో కూడా వినివచ్చేవాడు. పాఠకుల రాకపోకలను గమనించడం అంటే నా దృష్టిలో అదే.

ఇప్పుడు పార్టీలకు వెబ్‌సైట్లున్నాయి. వాటి లెక్కకు కొత్త మాటలొచ్చాయి. ‘హిట్’ అంటే సర్వరుకు అందిన ఒక్కో అభ్యర్థన. పది బొమ్మలున్న పేజీని ఒకడు ఒక్కసారి తెరిస్తే పేజీకి ఒకటి, బొమ్మలకు పది, మొత్తం పదకొండు హిట్లు! ‘వ్యూ’ కొంత నయం, పేజీనే లెక్కిస్తుంది, కానీ ఒక్కడే ఐదుసార్లు తెరిస్తే ఐదు. సైట్ల వరుసలో స్థానం చెప్పే, ఒకప్పుడు సైట్లు గర్వంగా చెప్పుకున్న అలెక్సా ర్యాంకు చాలావరకు బ్రౌజరులో దాని టూల్‌బారు పెట్టుకున్నవారి వాడకాన్ని బట్టి కట్టిన అంచనా. ఫోనులోనే లోకాన్ని చూసే గని కార్మికుడు అందులో ఎక్కడ కనిపించేవాడు? 2022 మే 1న ఆ సేవ ఆగిపోయింది.

మరో విశేషం. యూట్యూబులో ‘సబ్‌స్క్రైబ్ చేసుకోండి’ అంటారే గాని ‘చందా కట్టండి’ అనరు. సబ్‌స్క్రైబ్‌కు లాటిన్ మూలార్థం ‘కింద రాయడం’, అంటే సంతకం పెట్టడం. సంతకానికి పైసా ఖర్చులేదు కనుక ఆ మాట ఉచితానికి ఒదిగిపోయింది. చందా ఒదగలేదు. జేబులోంచి కొంతైనా తీయనిదాన్ని చందా అనడానికి తెలుగువాడి నోరు రాలేదు. ఆ పట్టుదల నాకు ముచ్చటేస్తుంది.

హిట్లకు అందని లెక్క ఒకటుంది. 2023 డిసెంబరు 27న బొగ్గుగనుల సంస్థ సింగరేణిలో జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో సీపీఐ అనుబంధ కార్మిక సంఘం ఏఐటీయూసీ గెలిచింది. ఆ ఓట్లను ఏ సైటు హిట్లలోంచీ లెక్కగట్టలేం.

పార్టీ సైట్లు చూసుకునే మిత్రులకు ఒక మనవి. నెలనెలా రాసే నివేదికలో హిట్ల గడి కొట్టేయండి. మళ్లీ మళ్లీ వచ్చిన పాఠకులెందరో ఒక గడిలో, చందా కట్టి రసీదు తీసుకున్నవారెందరో ఇంకో గడిలో రాయండి.