రుద్రమకి ఓ చెల్లెలుండేది

మా నిడదవోలు వాళ్ళకి రుద్రమదేవి ముందు ఊరి కోడలు, ఆ తర్వాతే కాకతీయ మహారాణి. ఆవిడ భర్త చాళుక్య వీరభద్రుడు మా ఊరివాడు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల శాఖ ఒకటి ఇక్కడ ఉండేది. అప్పట్లో ఊరి పేరు సంస్కృతంలో నిరవద్యపురం. 2015లో గుణశేఖర్ గారి సినిమా వచ్చినప్పుడు తెర మీద వీరభద్రుణ్ణి చూసి మా వీధిలో ఆడవాళ్ళందరం "మన ఊరి అల్లుడు కాదు, మన ఊరి అబ్బాయే" అని మురిసిపోయాం.

ఈ నెలలో మా చెల్లి పుట్టినరోజు. దానికోసం ఏదైనా రాద్దామని కూర్చుంటే రుద్రమదేవి చెల్లెలు గుర్తొచ్చింది. అవునండీ, ఆవిడకి ఓ చెల్లెలు ఉంది. పేరు గణపాంబ.

చిన్నప్పుడు మాకు ఈ సంగతి తెలీదు. పాఠంలో లేదు. మా పెరట్లో రుద్రమదేవి ఆట ఆడుకునేవాళ్ళం. నేను పెద్దదాన్ని కాబట్టి రాణిని. అమ్మ పాత చీర భుజాన కట్టుకుని కొబ్బరిమట్ట గుర్రం ఎక్కేదాన్ని. నాకన్నా అయిదేళ్ళు చిన్నదైన చెల్లి ఒకరోజు భటుడు, ఒకరోజు శత్రురాజు. శత్రురాజైన రోజున తప్పకుండా ఓడిపోవాలి. ఓసారి విసుగొచ్చి, "రుద్రమదేవికి చెల్లి లేదా?" అని అమ్మనడిగింది. "ఉంటే పుస్తకంలో రాసేవారు కదే" అంది అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

పుస్తకంలో రాయలేదు గానీ రాతి మీద ఉంది. గుంటూరు ప్రాంతంలోని యనమదల శాసనం గణపాంబ వేయించినదే.

ఈ అక్కాచెల్లెళ్ళ కథ తెలియాలంటే వాళ్ళ నాన్న దగ్గర మొదలుపెట్టాలి. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా, అరవై ఏళ్ళ పైన రాజ్యం చేశాడు. ఓరుగల్లు నుంచి సముద్రం దాకా వచ్చాడు. అయితే గెలిచిన ప్రతి చోటా కత్తితోనే కూర్చోలేం కదా, వియ్యం కలుపుకున్నాడు. కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమ ప్రాంతాన్ని గెలిచాక అక్కడి పినచోడుడి కూతుళ్ళు నారమ్మ, పేరమ్మలను పెళ్ళాడాడు. వాళ్ళ సోదరుడే జాయప సేనాని, 'నృత్తరత్నావళి' రాసినాయన. ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంటికి వెళ్ళారు. మంచో చెడో, పుట్టింటి మాట మాట్లాడుకోవడానికి ఒకరికొకరు ఉన్నారు.

గణపతిదేవుడి కూతుళ్ళకి ఆ వీలు లేకపోయింది. ఒకమ్మాయి గోదావరి వైపు సంబంధం, ఒకమ్మాయి కృష్ణ వైపు. రుద్రమని నిడదవోలు వీరభద్రుడికి ఇచ్చారు. గణపాంబని ధరణికోట ఏలుతున్న కోట వంశపు బేతరాజుకిచ్చారు. ధరణికోట అంటే అమరావతి పక్కనే. రెండు నదుల ఒడ్డున రెండు వియ్యాలు, మధ్యలో తండ్రి రాజ్యం భద్రం. మన ఇళ్ళల్లో కూడా "రెండో పిల్లని ఆ వైపు ఇస్తే బాగుంటుంది" అని పెద్దలు లెక్కలు వేయడం మనం వినలేదూ? రాజుగారి లెక్క కాస్త పెద్దది, అంతే.

పెంపకంలో మాత్రం పెద్ద తేడా ఉంది. కొడుకులు లేని తండ్రి రుద్రమని వారసురాలిని చేశాడు. శాసనాల్లో ఆవిడ చాలాచోట్ల 'రుద్రదేవ మహారాజు'. మగ పేరు, మగ బిరుదు. ఒక కూతుర్ని కొడుకు చేశారు, ఇంకో కూతుర్ని కూతురుగానే ఉంచారు. అక్కకి రాజ్యం, చెల్లికి అత్తారిల్లు. వినడానికి అక్కకే అదృష్టం పట్టినట్టుంటుంది. కానీ ఆ రాజ్యం కోసం ఆవిడ బతుకంతా యుద్ధాలు చేసింది. ఆడదాన్ని రాజుగా ఒప్పుకోలేని సామంతులతో, అదను చూసి మీదికొచ్చిన ఇరుగు పొరుగు రాజులతో.

చెల్లి కథ అత్తారింటితో ఆగిపోలేదు. బేతరాజు పోయాక గణపాంబ తానే ఆ సీమ బాధ్యత తీసుకుంది. అమరావతిలో అమరేశ్వరస్వామి గుడికి బంగారు కలశాలు పెట్టించింది. భర్త పేరున బేతేశ్వరాలయం, తండ్రి పేరున గణపేశ్వరాలయం కట్టించింది. ఒకటి మెట్టినింటికి, ఒకటి పుట్టింటికి. ఆ శాసనం గురించి చదివినప్పుడు నాకు అచ్చం మా చెల్లి గుర్తొచ్చింది. అది ఇప్పటికీ ఆవకాయ పెడితే రెండు జాడీలు పెడుతుంది, ఒకటి వాళ్ళింటికి, ఒకటి అమ్మకి.

ఇంకో సంగతి చెప్పాలి. రుద్రమదేవి దానాల్లో బాగా పేరున్నది 1261 నాటి మల్కాపురం శాసనం. తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానితో పాటు వెలగపూడినీ విశ్వేశ్వర శివాచార్యులకి ధారపోసింది. అక్కడ మఠం, చదువు చెప్పే చోటు, అన్నసత్రం, ఆరోగ్యశాల వెలిశాయి. అన్నిటికన్నా నన్ను ఆపేసిన మాట 'ప్రసూతిశాల'. ఏడువందల అరవై ఏళ్ళ కిందట పురుళ్ళు పోయడానికి ప్రత్యేకంగా ఒక చోటు! మందడం, వెలగపూడి ఇప్పుడు రాజధాని ఊళ్ళు, సచివాలయం వెలగపూడిలోనే ఉంది. అక్కడినుంచి కృష్ణ ఒడ్డునే ఎగువకి వెళ్తే ధరణికోట. అంటే ఓరుగల్లు రాణి పేరు నిలబెట్టిన దానం చెల్లెలి అత్తవారి సీమకి పక్కనే ఉందన్నమాట. వాళ్ళు కలుసుకున్నారా, ఏం మాట్లాడుకున్నారా అన్నది రాళ్ళు చెప్పవు. నేను మాత్రం ఆ ఊళ్ళ పేర్లు పక్కపక్కన చూసి సంతోషపడ్డాను.

ఇక పుట్టినరోజుల సంగతి. శాసనాల వాళ్ళు తేదీల విషయంలో భలే గట్టివాళ్ళు. శక సంవత్సరం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి అన్నీ చెక్కుతారు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. మన లెక్కలో 1289 నవంబరు 27. రుద్రమదేవి, ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి భూమి ఇచ్చాడని ఉంది. అలా రుద్రమ పోయిన కాలం మనకి తెలిసింది. ఆవిడ పుట్టిన రోజు మాత్రం ఏ రాతి మీదా లేదు. గణపాంబదీ అంతే. అక్క రుద్రమ, చెల్లి గణపాంబ అని పుస్తకాల్లో రాసుకుంటాం గానీ ఇద్దరి మధ్యా ఎన్నేళ్ళ తేడానో చెప్పే తిథి లేదు.

అంత పెద్ద రాజుగారి కూతుళ్ళకే లేకపోతే మన సంగతి చెప్పాలా? మా చెల్లి 1986 వరదల్లో పుట్టింది. ఆ ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. వరలక్ష్మీవ్రతం ముందు రోజే అయింది. అమ్మ నెలలు నిండి మంచం మీద, ఊరంతా గట్ల వైపు చూపు. వ్రతం వెళ్ళిన మూడోనాడు చెల్లి పుట్టింది. ఆ హడావిడిలో తేదీ రాసుకున్నవాళ్ళు లేరు. బళ్ళో చేర్చేటప్పుడు జూన్ 1 అని వేశారు. మా ఇంట్లో నాయనమ్మ మాత్రం "వరద పిల్ల" అనేది. అందుకే మేం దాని పుట్టినరోజు సర్టిఫికెట్ ప్రకారం కాదు, శ్రావణమాసంలో వ్రతం తర్వాత మూడోనాడు చేస్తాం. పొద్దున్నే తలంటి, హారతి, సేమ్యా పాయసం. కేకు సాయంత్రం, పిల్లల కోసం.

రుద్రమకి ముగ్గురు కూతుళ్ళు, ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ. ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు, అమ్మమ్మ తర్వాత రాజైనవాడు. ఆ ముగ్గురూ ఏ తిథుల్లో పుట్టారో వాళ్ళమ్మకి కంఠతా వచ్చే ఉంటుంది. అమ్మలకి అవన్నీ గుర్తుంటాయి. అమ్మలతోనే పోతాయి కూడా.

అందుకని మీ అందరికీ ఓ మాట. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే కూర్చోబెట్టి అడగండి. మీ అక్కాచెల్లెళ్ళు, మేనత్తలు, పిన్నులు ఎప్పుడు, ఏ ఇంట్లో, ఏ వానలో పుట్టారో ఓ నోటుపుస్తకంలో రాయండి. మగపిల్లల జాతకాలు ఎలాగూ బీరువాలో భద్రంగానే ఉంటాయి. నేను మా అమ్మని అడిగి పదకొండు పేర్లు రాశాను. అందులో నాలుగింటికి తేదీ లేదు. ఒకావిడ "దివిసీమ ఉప్పెన ఏడు", ఒకావిడ "అరటితోట పడిపోయిన గాలివాన". ఫరవాలేదు, అలాగే రాశాను.

చెల్లి ఇప్పుడు విజయవాడలో ఉంటోంది. ఈసారి పాయసం అయ్యాక దాన్ని అమరావతి తీసుకెళ్దామనుకుంటున్నాను. గణపాంబ గురించి గుడి దగ్గరే చెప్తాను. ఇన్నాళ్ళూ శత్రురాజుగా ఓడిపోయినదానికి అంతమాత్రం బాకీ ఉంది కదా.