లీజియనెల్లా న్యుమోఫిలా

లీజియనెల్లా న్యుమోఫిలా నీటిలో నివసించే కడ్డీ ఆకారపు గ్రామ్-నెగటివ్ బాక్టీరియా. ఇది ఊపిరితిత్తులలోకి ప్రవేశించినపుడు కలిగే తీవ్రమైన న్యుమోనియాను లీజియనేర్స్ వ్యాధి అంటారు.

చరిత్ర

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మహాసభ జరిగింది. సభ ముగిసి ఇళ్ళకు చేరిన ప్రతినిధులు ఒక్కొక్కరుగా జ్వరంతో మంచం పట్టారు. సభ జరిగిన హోటలు పరిసరాలలోనివారితో కలిపి 221 మంది జబ్బుపడగా 34 మంది మరణించారు. కారణం తెలియక విషప్రయోగమని కూడా అనుమానించారు. జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త తాను ముందు చూసి వదిలివేసిన గాజు పలకలనే డిసెంబరు చివర తిరిగి పరీక్షించి ఈ సూక్ష్మజీవిని గుర్తించాడు. 1977 జనవరిలో ఆ విషయం ప్రకటించారు. నిజానికి ఇది కొత్త జీవి కాదు. 1968లో పాంటియాక్ నగరంలో ప్రబలిన జ్వరానికీ ఇదే కారణమని, అప్పుడు భద్రపరచిన రక్త నమూనాల వలన తరువాత తేలింది.

వ్యాప్తి

ఇది 25 నుండి 45 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీటిలో బాగా పెరుగుతుంది. గొట్టాల లోపలి పాకుడులోను, అమీబాల శరీరంలోను దాగి ఉంటుంది. అమీబా లోపల బ్రతకగలిగే ఈ నేర్పుతోనే, మనిషి ఊపిరితిత్తులలో తనను మ్రింగిన రక్షణ కణాలలోను వృద్ధి చెందుతుంది. కలుషితమైన నీటి తుంపరలను పీల్చడం వలన వ్యాధి సోకుతుంది. పెద్ద భవనాల కూలింగ్ టవర్లు, షవర్లు, ఫౌంటెన్లు ఇందుకు ముఖ్య మార్గాలు. సాధారణంగా ఒకరి నుండి మరొకరికి అంటదు.

మఠంపల్లి, కోదాడ, మిర్యాలగూడ వంటి చోట్ల వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేడపై ట్యాంకులలో రోజుల తరబడి కదలకుండా ఉన్న నీరు ఈ బాక్టీరియాకు అనువైన వేడికి చేరుతుంది. ట్యాంకును తరచు కడగడం, చాలాకాలం వాడని కుళాయిలోని నీటిని తుంపర లేవకుండా వదలివేయడం మంచిది. 60 డిగ్రీల వేడిలో ఇది నశిస్తుంది.

లక్షణాలు, చికిత్స

సాధారణంగా 2 నుండి 14 రోజులలో తీవ్రజ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తాయి. విరేచనాలు, మతిభ్రమ కూడా కలుగవచ్చు. వృద్ధులకు, పొగత్రాగేవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రమాదం ఎక్కువ.

ఎక్స్-రేలో ఇది మామూలు న్యుమోనియా వలెనే కనబడుతుంది, చిక్కంతా ఇక్కడే. పెన్సిలిన్ వర్గపు మందులు కణాల లోపల ఉన్న ఈ బాక్టీరియాపై పనిచేయవు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ పనిచేస్తాయి. ఆలస్యమైతే ప్రాణాపాయం. మూత్రపరీక్షతో వ్యాధిని త్వరగా గుర్తించవచ్చు గాని, అది ప్రధానంగా ఒకటవ సీరోగ్రూపును మాత్రమే పట్టగలదు. కనుక ఫలితం నెగటివ్ వచ్చినా వ్యాధి లేదని నిర్ధారించరాదు.