కూలి ముందు, బాప్తిస్మం తరువాత

మా తిరుత్తణి పేరు చెప్పగానే ఎవరికైనా రెండు గుర్తుకొస్తాయి. ఒకటి కొండమీది సుబ్రహ్మణ్యస్వామి గుడి, రెండోది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన 1888 సెప్టెంబర్ 5న ఇక్కడ పుట్టారు. ఏటా ఆ రోజున బడుల్లో ఆయన పటానికి దండ వేస్తాం. కానీ ఆయన చదువుకున్న చోట్ల గురించి ఎక్కువమంది మాట్లాడరు. తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూలు, వేలూరులో వూరీస్ కాలేజీ, తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. ఇవన్నీ క్రైస్తవులు నడిపిన చోట్లే. వేదాంతంలో నీతికి చోటు లేదని ఆ రోజుల్లో మిషనరీలు విమర్శించేవాళ్లు. దానికి జవాబుగా ఆయన తన ఎం.ఏ. వ్యాసాన్ని వేదాంతంలోని నీతి మీదనే రాశారు. 1908లో అది అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

ఈ సంగతి చదివాక నాకు ఒకటి తోచింది. మిషనరీలు అడిగిన ప్రశ్న మంచిదే. అయితే అదే ప్రశ్న వాళ్లను కూడా అడగాలి కదా! మీ నమ్మకం ఆదివారం చర్చిలో సరే, సోమవారం పనిచోట, అంగట్లో, కూలి లెక్కలో ఎట్లా కనిపిస్తుంది అని. దీనికి మాటల్లో కాకుండా పనిలో జవాబు చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని చూస్తే, మన తిరువళ్ళూరు జిల్లా తూర్పు అంచున ఉన్న ఒక కాలువ చరిత్ర దొరికింది. అదే బకింగ్‌హాం కాలువ.

మా వైపు నుంచి పారే నగరి ఏరు కుశస్థలిలో కలుస్తుంది. తమిళంలో దాన్ని కొసస్తలై ఆరు అంటారు. అది ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది. అక్కడే ఈ కాలువ కూడా ఎదురవుతుంది. ఈ కాలువ ఉత్తరాన పెదగంజాం నుంచి నెల్లూరు తీరం, పులికాట్, ఎన్నూరు, చెన్నై దాటి దక్షిణాన మరక్కాణం దాకా పోతుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలుపెట్టినప్పుడు దాని పేరు కాక్రేన్ కాలువ. తర్వాత కొంచెం కొంచెంగా పొడిగించారు. రైలు రాకముందు ఉప్పు, కట్టెలు, ధాన్యం అన్నీ పడవల్లో దీని మీదే వచ్చేవి. 1878లో అప్పటి గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. పేరు డ్యూక్‌ది. తవ్వింది మాత్రం ఆకలితో ఉన్న జనం.

ఎందుకంటే ఆ కాలువలో చాలా భాగం కరువు పనిగా తవ్వించారు. 1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం. అందుకే తెలుగువాళ్లు ధాత కరువు అన్నారు, తమిళంలో ‘తాదు వరుష పంజం’ అంటారు. ఎవరైనా ఆత్రంగా తింటే మా అవ్వ ఇప్పటికీ “కరువులో పుట్టినట్టు తింటావేందిరా” అంటుంది. ఆ మాట ఎంత పాత ఆకలి నుంచి వచ్చిందో తెలిసేదాకా నాకు నవ్వే వచ్చేది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతంలో ఆ కరువులో చనిపోయినవాళ్లు 55 లక్షల నుంచి 82 లక్షల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ సమయంలోనే మద్రాసు రేవు నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, ఖర్చు ఎక్కువవుతోందని కూలి తగ్గించాడు. రోజంతా మట్టి పని చేసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్, ఇంత తిండితో మనిషి పని చేయలేడు, కనీసం పౌనున్నర ధాన్యమైనా, దానితో కూరా పప్పూ అయినా కావాలని గట్టిగా వాదించాడు. దీన్ని మనం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే కూలి ఎంత అనేది ఆ రెండేళ్లు డబ్బు లెక్క కాదు, మనిషి బతికేదీ లేనిదీ అన్న లెక్క.

ఇప్పుడు ఒంగోలుకు పోదాం. అక్కడ జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. జనం క్లౌ దొర అనేవాళ్లు. 1836లో పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో భూమి కొలిచే సర్వేయర్ల దగ్గర పని చేశాడు. ఈ చిన్న విషయమే తర్వాత వేలమందికి అన్నం పెట్టింది. 1865లో నెల్లూరు వచ్చి, తర్వాతి ఏడు ఒంగోలు చేరాడు.

ఒంగోలులో ఆయనకు మొదటి పరీక్ష కరువు కన్నా ముందే ఎదురైంది. తల్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఆయన భార్య 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోలు వ్యాపారం చేసేవాడు, అంతకు ముందు యోగ మార్గంలో నడిచినవాడు. ఆయన వెనక ఇంకా మాదిగలు వచ్చారు. దాంతో అంతవరకు దొర దగ్గరకు వచ్చిపోయే పై కులాలవాళ్లు, వీళ్లను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఒంగోలులో పేరు, పలుకుబడి, చదువుకున్న కుటుంబాలు ఒక వైపు. ఊరి బయట ఉండేవాళ్లు ఒక వైపు. క్లౌ దొర, ఆయన భార్య ఇద్దరూ ఏం చేయాలో తోచక బైబిల్ తెరిస్తే, వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకటే చోటు వచ్చిందని ఆయన రాసుకున్నాడు. లోకం తక్కువగా చూసేవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. ఇది నమ్మాలా వద్దా అనేది చదివేవాళ్ల ఇష్టం. నాకైతే ఆ తర్వాత ఏం చేశాడన్నదే ముఖ్యం. మాదిగలకు తలుపు మూయలేదు.

అసలు కష్టం మాత్రం దొరది కాదు, చేరినవాళ్లది. కొత్తగా చేరేవాళ్లకు ఆయన ముఖ్యంగా మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి మూడు వాక్యాలే. కానీ ఆ రోజుల్లో చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, రైతుకు చెప్పులు, కపిలబావికి తోలుతిత్తి కుట్టివ్వడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు పెట్టిన బాధ్యతలు. ఆదివారం రాము, జాతరలో డప్పు కొట్టము అంటే ఊరు ఊరుకోలేదు. బావి దగ్గరకు రానివ్వలేదు, అంగట్లో సరుకు ఇవ్వలేదు, పనికి పిలవలేదు. చర్చిలో పాట పాడటం సులభం. నీళ్లు లేకుండా ఒక వారం గడపడం సులభం కాదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. డప్పు మానమనడం నాకు అంత నచ్చలేదు. మా వైపు దాన్ని పరై అంటారు, ఇవాళ కాలేజీ పిల్లలు కూడా గర్వంగా నేర్చుకుంటున్నారు. అయితే అప్పుడు అది కళగా కాదు, వెట్టిగా ఉండేది. కొట్టను అని చెప్పే హక్కు లేని చోట కొట్టకపోవడమే ధైర్యం అయివుంటుంది. రెండు కాలాలనూ ఒకే తక్కెడలో పెట్టకూడదు అనుకుంటున్నాను.

తర్వాత కరువు వచ్చింది. జనం మిషన్ బంగళా చుట్టూ మూగారు. చందా డబ్బుతో గంజి పోస్తే ఎన్ని రోజులు? ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ పనులు మొదలుపెట్టింది కానీ అక్కడికి పోవడానికి మాదిగలు భయపడ్డారు. అజమాయిషీ పై కులాల మేస్త్రీలది. తిట్లు, కోతలు వీళ్లకే ముందు. అప్పుడు క్లౌ దొరకు తన పాత సర్వే పని గుర్తొచ్చింది. కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. పాదిరి కాంట్రాక్టరు అయ్యాడు! కొలతలు వేశాడు, గుడిసెలు వేయించాడు, బావులు తవ్వించాడు. తన దగ్గరి తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు.

ఇందులో గొప్పేముంది అనిపించవచ్చు. మట్టి పని ఎట్లా జరుగుతుందో తెలిస్తే అర్థమవుతుంది. మన పల్లెల్లో నూరు రోజుల పనికి పోయే అమ్మలను అడగండి. గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి దాన్నిబట్టి కూలి కడతారు. టేపు పట్టుకున్నవాడి చేతిలోనే కూలివాళ్ల కూడు ఉంటుంది. జానెడు తక్కువ రాస్తే జానెడు ఆకలి. కరువులో అయితే, ఆకలితో నీరసించినవాడు తక్కువ తవ్వుతాడు, తక్కువ తవ్వితే కూలి తక్కువ, కూలి తక్కువైతే మర్నాడు ఇంకా నీరసం. అట్లాంటి చోట కొలత సరిగ్గా రాసే మేస్త్రీ, కొట్టని మేస్త్రీ, చేసిన పనికి డబ్బు చేతిలో పెట్టే కాంట్రాక్టరు దొరకడం ఎంత పెద్ద విషయమో ఊహించండి. మధ్యాహ్నం పని ఆపినప్పుడు ఆ మేస్త్రీలే కూలివాళ్ల మధ్య కూర్చుని మాట్లాడేవాళ్లు, వాళ్ల ఊళ్ల సంగతులు అడిగేవాళ్లు, ప్రయాసపడి భారం మోసేవాళ్లను ఏసు పిలిచిన సంగతి చెప్పేవాళ్లు. తట్ట దించిన మనిషికి ఆ మాట అర్థం కావడానికి పెద్ద ప్రసంగం అక్కర్లేదు.

అక్కడ పని చేసినవాళ్లలో చాలామంది మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. మనం ఎక్కువగా వినే ఆరోపణ ఒకటి ఉంది కదా, మిషనరీలు బియ్యం చూపించి మతం మార్చారని. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. క్లౌ దొర ఇవ్వను అన్నాడు. కడుపు కోసం వచ్చేవాళ్లెవరో, మనసుతో వచ్చేవాళ్లెవరో కరువులో తెలియదు, అన్నం పేరుతో ఎవరినీ చేర్చుకోకూడదు అని ఆయన ఉద్దేశం. ఒకటి రెండు వారాలు కాదు, పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి మాత్రం ఆపలేదు. చేరినవాడికీ చేరనివాడికీ పని ఉంది, కూలి ఉంది. సంఘంలో లెక్క పెంచుకోవడానికి అంతకన్నా సులువైన సమయం ఏ మిషనరీకీ దొరకదు. దాన్ని వదులుకోవడం నాకు అన్నిటికన్నా పెద్ద పనిగా కనిపించింది.

1878లో వానలు పడే కాలం వచ్చింది. సహాయం ముగిసింది, ఇక డబ్బు ఏమీ రాదు అని అందరికీ తెలిసింది. జూన్ నెలాఖరులో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో సమావేశం పెట్టారు. క్రైస్తవులు మాత్రమే రావాలని చెప్పినా, మిగతావాళ్లు కూడా ఊళ్లకు ఊళ్లే తరలివచ్చారు. దొర మళ్లీ వద్దన్నాడు. అప్పుడు వాళ్లు చెప్పిన జవాబు ఆయన రాతల్లో ఉంది. మాకు మీ సహాయం అక్కర్లేదు, పని చేసే బతుకుతామని చెప్పడానికి మా చేతుల మీది బొబ్బలే సాక్ష్యం, మళ్లీ పంట పోయి చచ్చినా క్రైస్తవులుగానే చస్తాం, ఇదీ వాళ్ల మాటల సారం. పదిహేను నెలలు వాళ్లను పరీక్షించినవాడు ఆ చేతులు చూశాక ఇంకేం అడగగలడు?

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. మొత్తం 3,536. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. 2,222 అనే అంకె ప్రపంచమంతా పాకింది, క్రైస్తవ పుస్తకాల్లో అదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నా ఉద్దేశంలో 2,222 కన్నా ముందు పదిహేను నెలల సున్నా గొప్పది. దాన్ని ఎవరూ పెద్ద అక్షరాల్లో రాయరు.

అంతా మంచే జరిగిందని కాదు. ఇంతమందిని ఒక్కసారి చేర్చుకుంటే వాళ్లకు నేర్పేదెవరు అని అప్పుడే విమర్శలు వచ్చాయి. అది న్యాయమైన ప్రశ్నే. ఊళ్లలో మాదిగవాడ చోటు కూడా వెంటనే మారలేదు. ఇంటికి వెళ్లాక అదే బావి, అదే కరణం, అదే పొలం. కానీ బడి వచ్చింది. పేరు రాయడం వచ్చినవాడికి తన కూలి లెక్క తనే చూసుకోవడం వస్తుంది. క్లౌ దొర 1910లో చనిపోయాడు. ఆయన జీవిత కథను పుస్తకంగా తెచ్చిన రెండో భార్య ఎమ్మా, వాల్టర్ రౌషన్‌బుష్‌కు అక్క. క్రైస్తవుడు అనేవాడు కార్మికుల కూలి గురించి, పేదల ఇళ్ల గురించి కూడా పట్టించుకోవాలని అమెరికాలో గట్టిగా రాసిన మనిషి ఆయన. ఆ తమ్ముడు పుస్తకాల్లో రాసింది కాలువ గట్టు మీద చాలా ముందే జరిగింది.

ఇక కాలువ. రైళ్లు, లారీలు వచ్చాక పడవలు తగ్గిపోయాయి. చెన్నైలో ఇప్పుడు అది మురుగు కాలువలాగే ఉంది. 2004 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు పొద్దున, సునామీ వచ్చింది. పెదగంజాం నుంచి చెన్నై దాకా సుమారు 310 కిలోమీటర్ల పొడవునా పొంగి వచ్చిన సముద్రపు నీళ్లు ఈ కాలువలో నిండాయి. కొన్ని చోట్ల మాత్రం గట్లు దాటి, పది పదిహేను నిమిషాల్లో వెనక్కి పోయాయి. కాలువకు పడమర ఉన్న పల్లెల్లో చాలామంది ప్రాణాలు దక్కాయి.